కీ పట్టేసిందా, ఇరుక్కుందా, బిగుసుకుందా?

అటక మీది నుంచి దించిన టైపురైటర్‌కు దుమ్ము దులిపి, కాగితం ఎక్కించి, ఉత్సాహంగా నాలుగు అక్షరాలు కొడతారు. అయిదో అక్షరం పైకి లేచి అక్కడే నిలబడిపోతుంది. వేలితో వెనక్కి నెడితే పడుకుంటుంది, మళ్లీ కొడితే మళ్లీ నిలబడుతుంది. తాతగారి యంత్రాన్ని షోకేసులో పెట్టేముందు ఒక్కసారి పని చేయించాలనుకున్నవారూ, పాత సామాన్ల అంగడిలో ముచ్చటపడి కొన్నవారూ, ఇంకా నడుస్తున్న టైపు ఇన్‌స్టిట్యూట్లలో నేర్చుకుంటున్న పిల్లలూ చెప్పేది ఒకటే మాట: "కీ పట్టేసింది." వినేవాళ్లు ఇచ్చేదీ ఒకటే సలహా: "రెండు చుక్కలు నూనె వేయండి." ఆ మాట సగం తప్పు. ఆ సలహా దాదాపు మొత్తం తప్పు.

ఈ ఇబ్బందిని చెప్పడానికి తెలుగులో చక్కగా మూడు మాటలున్నాయి. పట్టేయడం, ఇరుక్కోవడం, బిగుసుకోవడం. రోజువారీ మాటల్లో వీటిని ఒకదాని బదులు మరొకటి వాడేస్తాం. టైపురైటర్ దగ్గర మాత్రం ఇవి మూడు వేర్వేరు రోగాలు. జిగట వల్ల కదలిక మందగిస్తే పట్టేయడం. రెండు కడ్డీలు ఒకదానికొకటి అడ్డం పడితే ఇరుక్కోవడం. ఏ మీట నొక్కినా కదలకపోతే బిగుసుకోవడం. మొదటిదానికి చేసే వైద్యం రెండోదానికి పనికిరాదు. మూడోదానికి చాలాసార్లు వైద్యమే అక్కర్లేదు.

## వేలి నుంచి కాగితం దాకా

మీట కింద పొడవాటి ఇనుప పట్టీ ఒకటి యంత్రం లోపలికి వెళ్తుంది. అది కీ లివర్. మీట నొక్కితే లివర్ కిందికి దిగి, సన్నని తీగలాంటి లింకును లాగుతుంది. ఆ లింకు టైపు బారును పైకి లేపుతుంది. టైపు బారు అంటే కొసన అచ్చు ఉన్న సన్నని కడ్డీ. ఒక్కో అచ్చు మీద రెండు ఆకారాలు ఉంటాయి. ఇంగ్లీషు యంత్రంలో చిన్న అక్షరం, పెద్ద అక్షరం అన్నమాట. నలభై పైచిలుకు బార్లు విసనకర్రలా పరుచుకుని పడుకుని ఉంటాయి. వాటి మొదళ్లన్నీ అర్ధచంద్రాకారంలో ఉన్న ఇనుప దిమ్మలో కూర్చుంటాయి. ఆ దిమ్మను సెగ్మెంటు అంటారు. అందులో ఒక్కో బారుకు ఒక్కో సన్నని గాడి ఉంటుంది. ఆ గాడుల గుండా వంపు తిరిగిన ఒక తీగ వెళ్తుంది. బార్లన్నీ ఆ తీగ ఇరుసుగా తిరుగుతాయి.

పడుకున్న బారు సుమారు పావు చుట్టు తిరిగి దాదాపు నిటారుగా నిలబడి, రిబ్బన్ మీదుగా కాగితాన్ని కొట్టి వెనక్కి వస్తుంది. కొట్టేముందు బారు మడమ యూనివర్సల్ బార్ అనే మరో పట్టీని నెడుతుంది. అది గడియారంలో ఉండేలాంటి పళ్ల చక్రాన్ని ఒక పన్ను మేర విడిచిపెడుతుంది. దాంతో కాగితాన్ని మోసే క్యారేజి ఒక అక్షరం జరుగుతుంది. అంగుళానికి 10 అక్షరాలు వేసే పైకా యంత్రంలో ఆ జరుగుడు 2.54 మిల్లీమీటర్లు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. బారును పైకి లేపేది మీ వేలి బలం. వెనక్కి తెచ్చేది ఒక చిన్న స్ప్రింగు, కాగితం వెనకనున్న రోలర్‌కు తగిలి ఎగిరివచ్చే కొద్దిపాటి ఊపు, బారు సొంత బరువు. వెళ్లేటప్పుడు బలం ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ. పట్టేసే బార్లన్నీ తిరుగు ప్రయాణంలోనే పట్టేయడానికి కారణం ఇదే.

## చెడిపోకపోయినా చెడినట్టు కనిపించేవి

బిగుసుకోవడంతో మొదలుపెడదాం, ఇది త్వరగా తేలిపోతుంది. వరస చివర గంట మోగుతుంది. ఇంకో కొన్ని అక్షరాలు కొట్టాక మీటలన్నీ ఒక్కసారిగా గట్టిపడతాయి. కొత్తవాళ్లు యంత్రం విరిగిందేమోనని కంగారు పడతారు. అది కుడి మార్జిన్ తాళం. కాగితం అంచు దాటి కొట్టకుండా కావాలనే పెట్టిన ఏర్పాటు. క్యారేజిని వెనక్కి నెడితే తాళం వీడుతుంది. మార్జిన్ రిలీజ్ మీట నొక్కినా వీడుతుంది. మోసుకెళ్లే చిన్న టైపురైటర్లలో క్యారేజిని కదలకుండా పట్టి ఉంచే మరో తాళం కూడా ఉంటుంది. పెట్టెలో పెట్టేటప్పుడు వేసి, తీశాక విప్పడం మరిచిపోతారు.

భారతీయ భాషల యంత్రాల్లో ఇంకో తికమక ఉంది. ఇంగ్లీషు యంత్రం మీద అలవాటైనవారు తెలుగు యంత్రం ముందు కూర్చుంటే, కొన్ని మీటలు కొట్టినప్పుడు అచ్చు పడుతుంది గానీ క్యారేజి కదలదు. ఏదో పట్టేసిందనుకుంటారు. అవి డెడ్ కీలు. మన లిపిలో గుణింతాలు, ఒత్తులు అక్షరానికి పైనో కిందో చేరాలి. చేరాలంటే కాగితం అక్కడే ఆగాలి. అందుకని ఆ బార్లకు యూనివర్సల్ బార్‌ను నెట్టే మడమ లేకుండా చేస్తారు. అచ్చు పడుతుంది, క్యారేజికి కబురు అందదు. ఎనభై తొంభై ఆకారాల్లో మొత్తం తెలుగు లిపిని సర్దడానికి పడిన తంటాలో ఇదొకటి. దాన్ని "బాగు చేయబోయి" పాడు చేసుకున్నవాళ్లు ఉన్నారు.

మీట దిగుతుంది, కానీ బరువే తెలియకుండా తేలిగ్గా దిగుతుంది, బారు లేవదు. అప్పుడు లింకు ఊడిందని అర్థం. దాన్ని పట్టేయడం అనకూడదు.

## పట్టేయడం: జిగట వెనుక లెక్క

అసలు రోగం ఇది. పాత యంత్రాల్లో చాలావరకు కనిపించేదీ ఇదే.

గాడికీ బారుకూ మధ్య ఖాళీ చాలా తక్కువ. బారు పక్కకు ఊగితే అక్షరం వంకరగా పడుతుంది కాబట్టి తయారీదారులు దాన్ని కావాలనే బిగువుగా పెట్టారు. అంత సన్నని సందులోకి చేరిన నూనె కారిపోదు. కాగితాన్ని నీళ్లలో ముంచితే నీరు పైకి పాకినట్టు, నూనె సందులోకి పాకి అక్కడే ఉండిపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గాలి తగిలి చిక్కబడుతుంది. దుమ్మును పట్టుకుంటుంది. చివరికి నూనె అనడానికి వీల్లేని గోధుమరంగు వార్నిష్ పూతలా తయారవుతుంది. కదలిక సాఫీగా ఉండాలని పోసిందే కదలికను ఆపుతుంది.

మరి ఆ జిగట బారును మధ్యలో ఆపకుండా సరిగ్గా పై కొసనే ఎందుకు ఆపుతుంది? ఒక గడకర్రను ఊహించుకోండి. దాన్ని నేల మీద నిటారుగా నిలబెట్టి అడుగున కీలు పెట్టాం. పూర్తిగా నిటారుగా ఉన్నప్పుడు దాని బరువు దాన్ని ఏ పక్కకూ తిప్పదు. తిప్పే బలం సున్న. 5 డిగ్రీలు ఒరిగితే, పడుకోబోయే ముందు ఉండే గరిష్ఠ బలంలో పదో వంతు కూడా రాదు. 30 డిగ్రీలు ఒరిగితే సగం వస్తుంది. అడ్డంగా పడుకునే వేళకు పూర్తి బలం. టైపు బారు కూడా అంతే. కాగితం దగ్గర నిలబడి ఉన్నప్పుడు దాని బరువు దానికి సాయం చేయదు. స్ప్రింగు ఒక్కటే దిక్కు. జిగట ఆ స్ప్రింగు కన్నా కాస్త బలంగా ఉన్నా చాలు, బారు అక్కడే నిలుస్తుంది. వేలితో కొద్దిగా నెడితే చాలు, మిగతా దారి తనే పడిపోతుంది. "కొంచెం నెడితే పోతోంది కదా, పెద్ద దోషం కాదులే" అనుకోవడం ఇక్కడి నుంచే వస్తుంది.

ఇదే లెక్క మరో విషయం కూడా చెబుతుంది. మీటను గట్టిగా, వేగంగా కొడితే రోలర్‌కు తగిలిన ఊపు బారును ఆ కష్టమైన మొదటి కొన్ని డిగ్రీలు దాటిస్తుంది. దోషం దాగిపోతుంది. నెమ్మదిగా నొక్కితే ఊపు ఉండదు, దోషం బయటపడుతుంది. అమ్మేవాడు గబగబా కొట్టి చూపించడం, కొన్నవాడు ఇంటికి తెచ్చుకుని మెల్లగా కొట్టి కంగుతినడం ఇందుకే జరుగుతుంది. అమ్మినవాడు మోసగాడే కానక్కర్లేదు, అతనికి కొట్టే అలవాటు ఉంది, అంతే.

నూనెతో పాటు గాడుల్లో ఇంకేమి చేరతాయో చూస్తే ఒక కార్యాలయం జీవితమంతా కనిపిస్తుంది. అన్నిటికన్నా ముందు రబ్బరు పొడి. తప్పు పడిన అక్షరాన్ని గరుకు రబ్బరుతో రుద్దితే పొడి సరిగ్గా కిందనున్న సెగ్మెంటులో పడుతుంది. అందుకే రుద్దేముందు క్యారేజిని ఒక పక్కకు జరపాలని నేర్పేవారు. నేను నేర్చుకున్నచోట మాస్టారు ఈ ఒక్క విషయానికి మాత్రం స్కేలుతో వేళ్ల మీద కొట్టేవారు. అప్పుడు అన్యాయమనిపించింది, సెగ్మెంటు విప్పిన యంత్రం చూశాక కాదనిపించింది. తరవాత స్టెన్సిల్ మైనం. స్టెన్సిల్‌తో నకళ్లు తీసే సైక్లోస్టైల్ రోజుల్లో రిబ్బన్ తప్పించి అచ్చుతో నేరుగా మైనపు కాగితాన్ని కోసేవారు. ఆ మైనం ఈ, ఏ, ఓ లాంటి అక్షరాల కడుపుల్లో నిండేది. అది కీలను పట్టించదు గానీ రాలి కింద పడినదంతా నూనెతో కలిసేది. వైట్‌నర్ పెచ్చులు, కార్బన్ పొడి, ఒలికిన టీ కూడా ఇదే దారిన వెళ్లేవి. పంచదార ఎండితే జిగురులో నూనెను మించిపోతుంది.

కోస్తా ఊళ్లలో దీనికి తుప్పు తోడవుతుంది. సెగ్మెంటులోని ఇరుసు తీగ తుప్పుపడితే బారు అంతటా ఒకేలా గరుకుగా తిరుగుతుంది. పై కొసన మాత్రమే ఆగదు, ఎక్కడైనా ఆగుతుంది. జిగటకూ తుప్పుకూ తేడా అలా తెలుస్తుంది.

## బారు ఎక్కడ ఆగిందన్నదే అసలు సాక్ష్యం

టైపురైటర్ మెకానిక్కులు ముందు రెండు సంగతులు చూస్తారు. ఎన్ని బార్లు ఆగుతున్నాయి, ఎక్కడ ఆగుతున్నాయి. రెండు ఉదాహరణలతో ఇది తేలికగా బోధపడుతుంది.

ఒక యంత్రంలో జి, హెచ్, టి, వై, బి మాత్రమే నిలబడిపోతున్నాయి, మిగతావి బాగానే ఉన్నాయనుకుందాం. ఇవన్నీ మీటల పలక నడిమి అక్షరాలు. వాటి బార్లు సెగ్మెంటు నడుమ ఉంటాయి. సెగ్మెంటు అర్ధచంద్రంలో అదే అట్టడుగు భాగం. పోసిన నూనె జారి చేరేది అక్కడికే. రబ్బరు పొడి రాలేదీ అక్కడికే, ఎందుకంటే అచ్చు పడే చోటు సరిగ్గా దాని పైన ఉంది. పైగా ఇవన్నీ నిటారుగా నిలిచాకే ఆగుతున్నాయి. బార్లలో తప్పు లేదు, గాడుల్లో మురికి ఉంది. అయిదు అక్షరాలకు అయిదు రోగాలు వెతకనక్కర్లేదు.

మరో యంత్రంలో ఎం ఒక్కటే ఆగుతోంది. అదీ కాగితానికి వెంట్రుకవాసి దూరంలో. నెమ్మదిగా కొట్టినా, గట్టిగా కొట్టినా తేడా లేదు. అచ్చు పక్కన ఇనుము మీద మెరిసే గీత కనిపిస్తోంది. ఇక్కడ మురికి కథ పొసగదు. బారు కొద్దిగా వంగింది. అచ్చు పడే చోట టైపు గైడ్ అనే ఇరుకైన ద్వారం ఉంటుంది. ప్రతి అచ్చూ దాని రెండు గోడల మధ్యనుంచి వెళ్లి కొట్టాలి. వంగిన బారు ఒక గోడను రాసుకుంటోంది, ఆ రాపిడి గుర్తే ఆ మెరుపు. దీన్ని ఎన్ని లీటర్ల స్పిరిట్‌తో కడిగినా ప్రయోజనం ఉండదు. బార్లన్నీ ఒకే గోడకు తగులుతుంటే మాత్రం వంగింది గైడే.

మధ్యదారిలో, పక్కబారు దగ్గర ఆగితే ఆ రెంటిలో ఒకటి వంగి రెండోదాన్ని తాకుతోంది. పడుకునే చోటికి కొంచెం ముందు ఆగితే సెగ్మెంటును వదిలి కింద వెతకాలి. లివర్లు ఒకదానికొకటి తగలకుండా దువ్వెనలాంటి పట్టీలో నడుస్తాయి, అక్కడ ఏ గుండుసూదో కాగితం పిన్నో పడి ఉండవచ్చు. ఇది సరదాకు అన్నమాట కాదు. ఆఫీసు యంత్రాల కడుపులో గుండుసూదులు దొరకడం మామూలే.

## ఇరుక్కోవడం, దానిచుట్టూ అల్లుకున్న కథ

రెండు బార్లు ఒకేసారి పైకి లేచి కాగితం ముందు కౌగిలించుకోవడం వేరే సంగతి. యంత్రం శుభ్రంగా ఉన్నా ఇది జరుగుతుంది, ఎందుకంటే బార్లన్నీ చేరాల్సిన గమ్యం ఒక్కటే.

లెక్క వేద్దాం. టైపు పరీక్షల్లో ఇంగ్లీషు లోయర్‌కు నిమిషానికి 30 పదాలు, హయ్యర్‌కు 45 పదాలు. పదానికి 5 కొట్టుళ్లు అనుకుంటే లోయర్‌లో నిమిషానికి 150, అంటే సెకనుకు రెండున్నర. ఒక్కో అక్షరానికి 0.4 సెకను. హయ్యర్‌లో నిమిషానికి 225, ఒక్కో అక్షరానికి సుమారు 0.27 సెకను. నిమిషానికి 60 పదాలు కొట్టేవారికి మిగిలేది 0.2 సెకను. అదీ సగటున. అలవాటైన చిన్న చిన్న పదాలను వేళ్లు ఇంకా త్వరగా కొట్టేస్తాయి. ఈ వ్యవధిలో ముందు బారు దారిలోంచి తప్పుకోవాలి. జిగట ఉన్న బారుకు తిరిగిరావడానికి 0.3 సెకను పడుతుందనుకోండి. లోయర్ విద్యార్థికి ఆ యంత్రం బాగానే ఉంటుంది. హయ్యర్ విద్యార్థికి అదే యంత్రం మాటిమాటికీ ఇరుక్కుంటుంది. ఒకే యంత్రం గురించి ఇద్దరూ వాదించుకుంటారు, ఇద్దరి మాటా నిజమే. అందుకే ఇరుక్కోవడం కనిపించినప్పుడు అసలు తప్పు కొట్టే చేతిదా, పట్టేస్తున్న బారుదా అన్నది తేల్చుకోవాల్సి వస్తుంది. ప్రతిసారీ అదే అక్షరం ఇరుక్కుంటే బారు మీద అనుమానం. ఒక్కోసారి ఒక్కో జంట ఇరుక్కుంటే చేతి లయ మీద అనుమానం.

మీటల వరుస ఇలా గజిబిజిగా ఉండటానికి కారణం ఈ ఇరుక్కోవడమే అన్న మాట మీరు వినే ఉంటారు. అమెరికాలోని మిల్వాకీలో క్రిస్టఫర్ షోల్స్, మరో ఇద్దరు కలిసి 1868లో తమ యంత్రానికి పేటెంట్ పొందారు. తుపాకులు చేసే రెమింగ్టన్ సంస్థ దాన్ని తీసుకుని 1874లో అమ్మకానికి పెట్టింది. ఆ యంత్రంలో బార్లు కింది నుంచి పైకి లేచి రోలర్ అడుగున కొట్టేవి. కొట్టింది కొట్టేవారికి కనిపించేది కాదు. రెండు బార్లు ఇరుక్కున్నా, రోలర్ ఎత్తి చూస్తే తప్ప తెలిసేది కాదు. కాబట్టి అప్పట్లో ఇరుక్కోవడం ఇప్పటికన్నా పెద్ద తలనొప్పి. వెంటవెంటనే వచ్చే అక్షరాల బార్లను దూరదూరంగా పెట్టడానికే ఇప్పుడు మనం వాడే ఈ మీటల వరుస, అంటే క్వర్టీ, పుట్టిందన్నది ఒక వాదం.

జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు కోయిచి యసువోకా, మొతోకో యసువోకా 2011లో దీన్ని కాదన్నారు. తొలి వాడకందారుల్లో టెలిగ్రాఫ్ ఉద్యోగులు ఉన్నారనీ, మోర్స్ సంకేతాలు విని రాసుకునే వారి సౌకర్యం కోసం అక్షరాలు అటూ ఇటూ జరిగాయనీ వారి వాదన. ఇంగ్లీషులో ఈ, ఆర్ అతి తరచుగా పక్కపక్కన వస్తాయి. బార్లను విడదీయడమే ఉద్దేశమైతే ఆ రెండు మీటలూ పక్కపక్కనే ఎందుకున్నాయన్నది వారి వైపు బలమైన ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబుగా తరచు చెప్పే ఒక విషయాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి. మీటలు పక్కపక్కన ఉంటే బార్లు కూడా పక్కపక్కన ఉండాలని లేదు. తరవాత వచ్చిన, మనకు తెలిసిన నాలుగు వరసల యంత్రంలో 'ఈ' అక్షరం లివర్‌కూ 'ఆర్' లివర్‌కూ మధ్య మిగతా వరసల నుంచి డి, 4, సి లివర్లు దూరి ఉంటాయి. పక్కపక్కన ఉండేవి ఈ, డి. ఇంగ్లీషులో గతకాలపు క్రియలు ఎన్నో ఈ రెండు అక్షరాలతోనే ముగుస్తాయి! ఇరుక్కోకుండా చేయడం ఒక్కటే గురి అయి ఉంటే ఈ అమరిక అంత గొప్పదేమీ కాదన్నమాట. అయితే ఈ లెక్క ముందునుంచి కొట్టే తరవాతి యంత్రాలది. షోల్స్ యంత్రంలో బార్లు గుండ్రటి బుట్టలా ఉండేవి, ఆ అమరిక వేరు. కాబట్టి దీనితో ఎవరి వాదమూ పూర్తిగా నెగ్గదు. నాకైతే రెండు కారణాలూ కొంత కొంత పనిచేసి ఉంటాయనిపిస్తుంది.

ఇక "టైపిస్టుల వేగం తగ్గించడానికే అలా పెట్టారు" అన్న మూడో మాట మాత్రం నిలవదు. ఆ వరుస పుట్టిన రోజుల్లో వేళ్లన్నీ వాడి, చూడకుండా కొట్టే పద్ధతే ప్రచారంలో లేదు. 1888లో సిన్సినాటిలో జరిగిన పోటీలో ఫ్రాంక్ మెక్‌గరిన్ గెలిచాకే దానికి పేరొచ్చింది. లేని వేగాన్ని ఎవరూ తగ్గించలేరు.

## నూనె పోయాలా వద్దా

యంత్రాలు బాగు చేసేవారిలో కూడా ఇక్కడ ఏకాభిప్రాయం లేదు.

ఒక వర్గం సెగ్మెంటు ఎప్పటికీ పొడిగానే ఉండాలంటుంది. కుట్టుమిషన్‌తో పోల్చి చూస్తే వీరి తర్కం బోధపడుతుంది. కుట్టుమిషన్ ఇరుసులు బరువు మీద ఆగకుండా తిరుగుతాయి. అక్కడ నూనె లేకపోతే ఇనుము అరిగిపోతుంది, పాత నూనె బయటికి వచ్చి కొత్త నూనె లోపలికి వెళ్తుంటుంది. టైపు బారు మోసేది తన చిన్న బరువునే. పావు చుట్టు తిరిగి ఆగుతుంది. అరుగుదల స్వల్పం, నూనె మాత్రం చోటు కదలదు. కుట్టుమిషన్ నూనె సీసా ఇంట్లో ఉండటమే మన టైపురైటర్లకు పట్టిన శని అని ఈ వర్గం అంటే అది అతిశయోక్తి కాదు.

రెండో వర్గం వాదన కూడా కొట్టిపారేసేది కాదు. ఒట్టి ఇనుమును సముద్రపు గాలిలో వదిలేస్తే తుప్పు పడుతుంది. తుప్పు కన్నా పలుచని నూనె పొర మేలు కదా? క్యారేజి నడిచే పట్టాల దగ్గర, గోళీల దగ్గర ఈ మాట నిజం. అక్కడ బరువుంది, నూనె తుడిచే వీలుంది. తేడా వచ్చేది సెగ్మెంటు గాడుల దగ్గరే, తుడిచే వీలు లేని చోట. మధ్యేమార్గంగా గ్రాఫైట్ పొడి వాడేవారున్నారు. అది జిగట కట్టదు గానీ గాడి ముందుగా శుభ్రంగా లేకపోతే మురికిలో మురికిగా కలిసిపోతుంది.

కడగడానికి ఏది వాడాలన్నది దీనికి అనుబంధ వివాదం. కిరోసిన్ పాత రోజుల వైద్యం. జిగటను కరిగిస్తుంది గానీ నిదానంగా ఆరుతుంది, వెనక నూనె ఛాయ మిగులుస్తుంది. పెట్రోలు త్వరగా ఆరుతుంది. మంటల భయం సరేసరి, ఇప్పటి పెట్రోలులో కలిసే ఇథనాల్ తేమను పీలుస్తుంది. థిన్నర్ అన్నిటికన్నా గట్టిది, కానీ అదే గట్టితనంతో రంగునూ ప్లాస్టిక్ మీట టోపీలనూ తినేస్తుంది. ఐసోప్రొపైల్ స్పిరిట్ మెత్తనిది, చక్కగా ఆరిపోతుంది. మొండి వార్నిష్ ముందు మాత్రం తడబడుతుంది, కొన్ని పాత పూతలను మసకబారుస్తుంది. రోలర్ రబ్బరుకు వీటిలో ఏదీ మంచిది కాదు. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రేలతో చిక్కు ఇంకో రకం. వాటిలోని ద్రావకం జిగటను వెంటనే కరిగిస్తుంది, బారు హాయిగా ఆడుతుంది. ద్రావకం ఎగిరిపోయాక దాంతో వచ్చిన నూనె పొర గాడిలోనే ఉంటుంది. మొదటి వారం మెచ్చుకోళ్లు, కొన్నాళ్లకు మళ్లీ మొదటి కథ.

శుద్ధమైన స్పిరిట్ వాడినా "ఆ రోజు బాగుంది, మర్నాడు మళ్లీ పట్టేసింది" అనేవారి గోడు ఒకటుంది. ఇందులో మాయ లేదు. ద్రావకం మురికిని కరిగించింది, కానీ బయటికి తీసుకుపోలేదు. తను ఎగిరిపోతూ మురికిని ఉన్నచోటే మళ్లీ ఆరబెట్టి పోయింది. టీ కప్పు అడుగున మిగిలిన చుక్క ఎండితే మరక మిగిలినట్టే. యంత్రాన్ని ఏటవాలుగా పెట్టి కడగడం, బ్రష్‌తో రుద్దుతూ బార్లను ఆడించడం, ఆ మురికినీళ్లను గాలితో బయటికి ఊదడం, ఇదంతా రెండు మూడు సార్లు చేయడం: మెకానిక్కులు పడే ఈ శ్రమ అంతా కరిగిన మురికికి బయటికి దారి చూపడానికే.

## వంగినవి, విరిగినవి

జిగటకు ద్రావకం ఉంది గానీ వంగిన బారుకు చెయ్యి కావాలి. వంగడానికి సాధారణ కారణం ఇరుక్కున్న బార్లను విసుగుతో లాగడమే. ఒక రోగానికి చేసిన మొరటు వైద్యం రెండో రోగాన్ని తెస్తుంది. బారు ఇనుమును కొంతవరకు వెనక్కి వంచవచ్చు. ఎంత వంచాలన్నది మాత్రం కంటికి అందని కొలత. మెకానిక్కు కొద్దిగా వంచుతాడు, ఒక అక్షరం కొట్టి కాగితం చూస్తాడు, మళ్లీ కొద్దిగా వంచుతాడు. పదేపదే వంచితే బారు అలిసి విరుగుతుంది.

విరిగితే కొత్తది దొరకదు. మన దేశంలో గోద్రెజ్ 1955లో టైపురైటర్ తయారీ మొదలుపెట్టింది. మద్రాసులో తయారైన హాల్డా కూడా ఎన్నో ఆఫీసుల్లో కనిపించేది. గోద్రెజ్ తయారీ ఆపేసిన సంగతి 2011 ఏప్రిల్‌లో ప్రపంచమంతా వార్త అయింది. "ప్రపంచపు చివరి టైపురైటర్ ఫ్యాక్టరీ మూత" అని రాసినవారు కొంచెం తొందరపడ్డారు, అప్పటికి వేరేచోట్ల ఇంకా తయారవుతున్నాయి. అయినా మనవరకు విడిభాగాల సరఫరా ఎండిపోయిన మాట నిజమే. ఇప్పుడు దిక్కు అదే మోడల్‌లో పనికిరాకుండా పోయిన మరో యంత్రం. సెగ్మెంటు తీగ వెనక్కి లాగి, పాతదాన్ని తీసి, దాత యంత్రపు బారును అదే గాడిలో దింపుతారు.

బారు ఆడుతుంది, పట్టేయదు, వెనక్కి చక్కగా వస్తుంది. కానీ దాని అచ్చు వేరే రోలర్ ముందు, వేరే చేతుల కింద అరిగింది. ఎంత సర్దినా వెంట్రుకవాసి ఎత్తుగానో ఒరిగో పడుతుంది. నకిలీ పత్రాలను పరీక్షించే నిపుణులు ఏ ఉత్తరం ఏ యంత్రం మీద కొట్టారో గుర్తుపట్టేది ఇలాంటి తేడాలతోనే. ఆ యంత్రం మీద కొట్టిన ప్రతి కాగితంలోనూ ఆ ఒక్క అక్షరం మిగతావాటి పక్కన కొంచెం కాళ్లెత్తి నిలబడినట్టు కనిపిస్తుంది.